చెయ్యి తిరిగాక వచ్చే చిక్కు

యూట్యూబ్ చూసి సొంతంగా డ్రమ్స్ నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి మొదటి ఏడాది హాయిగా గడుస్తుంది. ఏ పాటకైనా ఒక మోస్తరు బీట్ పట్టేస్తారు. నాలుగైదు ఫిల్స్ చేతికొస్తాయి, కాలేజీ ఫెస్ట్‌లో చప్పట్లూ పడతాయి. ఆ తర్వాత ఎంతకాలమైనా అవే ఫిల్స్, అదే వేగం. కొందరు తమకు ఇంతే రాసిపెట్టి ఉందనుకుంటారు. కొందరు డబుల్ పెడల్ కొంటారు. (కొన్న వారం రోజులు ఉత్సాహంగానే ఉంటుంది లెండి.)

పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో వచ్చిన పుస్తకంలో, నైపుణ్యం మూడు దశల్లో అబ్బుతుందన్నారు. మొదట ప్రతి కదలికా ఆలోచించి చేస్తాం. తర్వాత తప్పులు తగ్గుతాయి. చివరికి ఆలోచనతో పనిలేకుండా దానంతటదే జరిగిపోతుంది. డ్రమ్మర్‌కి ఈ మూడో దశ వరమే. రెండు చేతుల్నీ రెండు కాళ్ళనీ ఆలోచించి నడపడం ఎవరి తరం? కాకపోతే, అప్పటిదాకా చేతిలో ఉన్న లోపాలు కూడా దాంతోపాటే పాతుకుపోతాయి. గురువుంటే వెంటనే పట్టుకుని దిద్దేవాడు. గురువు లేనివాడు రోజూ గంటసేపు వచ్చిందే వాయిస్తూ ఆ లోపాన్నే గట్టిపరుస్తుంటాడు.

అందుకని ముందు లోపం చెవినపడాలి. వాయిస్తున్నప్పుడు పడదు, మనసంతా తర్వాతి దెబ్బ మీదే ఉంటుంది. ఫోన్‌ను కిట్‌కి కాస్త దూరంగా పెట్టి, మామూలు బీట్ ఒకటి, నాలుగు బార్లకో ఫిల్ చొప్పున ఐదు నిమిషాలు రికార్డ్ చేసి మర్నాడు వినండి. సాధారణంగా బయటపడేవి ఇవి: ఫిల్ మొదలవగానే వేగం పెరుగుతుంది, ఆ తర్వాతి క్రాష్ కొంచెం ముందే పడుతుంది. హైహ్యాట్ చప్పుడులో స్నేర్ మునిగిపోతుంది. కుడికాలు, కుడిచెయ్యి కలిసి పడాల్సినచోట ఒక్క 'టప్' బదులు 'ట-టప్' అని రెండుగా వినిపిస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళు ఫోన్ మైక్‌ని తిడతారు. మైక్ వల్ల తాళం పరిగెత్తదు.

మెట్రోనోమ్ పెట్టుకునే వాయిస్తున్నాం కదా అనొచ్చు. ప్రతి బీట్‌కీ క్లిక్ వినిపిస్తుంటే మనం దాని మీద వాలిపోతాం, లయ మనలో ఉందో లేదో తెలియదు. 80 బీపీఎం పాటకి మెట్రోనోమ్‌ను 40కి తగ్గించి, ఆ క్లిక్‌లను రెండో, నాలుగో బీట్లుగా అనుకుని వాయించి చూడండి. అది కుదిరాక బార్‌కి ఒకే క్లిక్. ఒక క్లిక్‌కీ ఇంకో క్లిక్‌కీ మధ్య మూడు సెకన్లు మీ సొంతం. జారిపోయేది అక్కడే.

ఇక చేతులు. జార్జ్ లారెన్స్ స్టోన్ 1935లో ప్రచురించిన 'స్టిక్ కంట్రోల్' ఇప్పటికీ డ్రమ్మర్ల దగ్గర కనిపిస్తుంది. తొలి అభ్యాసాల పేజీలో తాళ వైచిత్రి ఏమీ ఉండదు. కుడి, ఎడమల వరస మాత్రం మారుతుంటుంది. ఒక్కోటి ఆగకుండా ఇరవైసార్లు వాయించమంటాడాయన. కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ అనే పారడిడిల్‌ను నెమ్మదిగా వాయిస్తే రెండు చేతుల చప్పుడూ ఒకేలా లేదని తెలిసిపోతుంది. ఎడమచేతి వేళ్ళు స్టిక్‌ను బిగించి పట్టుకుంటాయి. ప్యాడ్ మీంచి స్టిక్ తనంతట తను ఎగరనివ్వకుండా నొక్కేస్తాయి. వేగం పెరగకపోవడానికి చాలాసార్లు కారణం ఈ బిగింపే.

ఇందుకు మన సంగీత పాఠాల్లో మంచి పద్ధతే ఉంది. సరళీ వరసలు మూడు కాలాల్లో పాడిస్తారు. తాళం వేసే చెయ్యి మారదు, స్వరాలు రెట్టింపవుతాయి. అలాగే క్లిక్‌ను 60 దగ్గరే ఉంచి క్లిక్‌కి ఒక దెబ్బ, తర్వాత రెండు, నాలుగు, మళ్ళీ వెనక్కి ఒకటికి రండి. దిగి వచ్చేటప్పుడే తూలుతారు. మృదంగం నేర్చుకునేవాళ్ళు జతులను నోటితో చెప్పినట్టు, కొత్త ఫిల్‌ను కూడా వాయించేముందు నోటితో చెప్పి చూడాలి. నోరు తడబడిన చోటే చెయ్యీ తడబడుతుంది.

ఇలా దిద్దుకునే రోజుల్లో వాయింపు మునుపటికన్నా అధ్వానంగా ఉంటుంది. చాలామంది ఇక్కడే పాత అలవాటుకి మళ్ళిపోతారు. కెనడా రాక్ బ్యాండ్ రష్‌లో 1974 నుంచి వాయిస్తూ ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న నీల్ పియర్ట్ నలభై దాటాక ఫ్రెడ్డీ గ్రూబర్ అనే గురువు దగ్గర చేరాడు. దెబ్బ సంగతలా ఉంచి, రెండు దెబ్బల మధ్య చెయ్యి గాలిలో ఎలా కదులుతోందో చూడమన్నాడు గ్రూబర్. పియర్ట్ స్టిక్ పట్టుకునే తీరు కూడా మార్చుకున్నాడు. 1996లో వచ్చిన 'టెస్ట్ ఫర్ ఎకో' ఆల్బమ్ ఆ తర్వాత వాయించిందే.

ఊళ్ళో గురువు దొరకనివాళ్ళు బేస్ గిటార్ వాయించే స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. ఫిల్ ఎక్కడ పరిగెత్తిందో డ్రమ్మర్ కన్నా ముందు తెలిసేది అతనికే.