టీసీ అంటే ఏ టీసీ?

ఇంట్లో బదిలీ కబురు వచ్చిందంటే చాలు, ఒక మాట పదేపదే వినిపిస్తుంది: టీసీ. బడి నుంచి టీసీ తీసుకోవాలి, కొత్త ఊళ్ళో టీసీ ఇవ్వాలి. ఇక్కడ అది ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. దాన్ని భద్రంగా పెట్టెలో పెట్టుకుని రైలెక్కితే, నల్లకోటు వేసుకుని టికెట్ అడిగే ఆయన్ని కూడా టీసీ అనే అంటాం. అక్కడ అది టికెట్ కలెక్టర్. (నిజానికి నడిచే రైల్లో టికెట్లు చూసే ఆయన టీటీఈ, అంటే ట్రావెలింగ్ టికెట్ ఎగ్జామినర్. టీసీ ఉండేది స్టేషన్ గేటు దగ్గర. రైల్వే కాలనీ పిల్లలకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు.)

పొడి అక్షరాలతో వచ్చే చిక్కు ఇదే. వాటికి సొంతంగా అర్థం ఉండదు. ఎక్కడ నిలబడి చదువుతున్నామో ఆ చోటే వాటికి అర్థం ఇస్తుంది. చోటు మారుతూ ఉండే మనలాంటి వాళ్ళకు ఇది తెలిసి ఉండడం మరీ అవసరం.

పొడి అక్షరాలు తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. శుభలేఖ మీద చి.ల.సౌ. అని ఉంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని అమ్మమ్మ చదివేస్తుంది. క్రీ.శ., కి.మీ., తి.తి.దే. మనకు అలవాటే. అయితే మనం ఉంటున్న ఊరు మాత్రం ఇంగ్లీషు పొడి అక్షరాల మీదే నడుస్తుంది. టెల్కో అంటే టాటా ఇంజనీరింగ్ అండ్ లోకోమోటివ్ కంపెనీ. ఆ కంపెనీ 2003లో టాటా మోటార్స్ అయింది కానీ కాలనీ మాత్రం ఈనాటికీ టెల్కోనే. టిస్కో 2005లో టాటా స్టీల్ అయింది, పెద్దవాళ్ళ నోట ఇంకా టిస్కోగానే ఉంది. ఆసుపత్రి టీఎంహెచ్, అంటే టాటా మెయిన్ హాస్పిటల్. ఎక్స్‌ఎల్ఆర్ఐలో ఎల్ఆర్ అంటే లేబర్ రిలేషన్స్. అక్కడ ఇప్పుడు చెప్పే చదువులు అంతకంటే చాలా ఎక్కువ, అయినా 1949 నాటి అక్షరాలను ఎవరూ మార్చలేదు. పూర్తి పేరు పోయినా పొట్టి పేరు బతికే ఉంటుందన్నమాట.

స్టేషన్ కోడ్‌లలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. పర్సుడీహ్‌కు దగ్గరలోనే ఉన్న టాటానగర్ స్టేషన్ ఒకప్పుడు కాళీమాటి. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అనీ, స్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు వచ్చాయి. కోడ్ కూడా కొత్త పేరుతోనే ఉంది: టి, ఎ, టి, ఎ. కానీ సెలవులకు ఊరెళ్ళేటప్పుడు టికెట్ మీద విజయవాడ కోడ్ చూడండి. బి, జెడ్, ఎ. విజయవాడలో ఈ అక్షరాలు ఎక్కడున్నాయి? లేవు. అది బెజవాడ. శ్రీకాకుళం రోడ్ కోడ్ సి, హెచ్, ఇ. ఇంగ్లీషువాళ్ళు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. చెన్నై సెంట్రల్ కోడ్‌లో మద్రాసు ఇంకా అలాగే ఉంది. ఊళ్ళ పాత పేర్లు దాచుకున్న పెట్టెలు ఈ కోడ్‌లు.

అదే టికెట్ మీద ఆర్ఏసీ అని ఉంటే దిగులు పడకండి. అది రిజర్వేషన్ అగెనెస్ట్ క్యాన్సిలేషన్. రైలెక్కవచ్చు, కూర్చునే చోటు ఉంటుంది, ఎవరైనా టికెట్ రద్దు చేసుకుంటే పడుకునే బెర్తు కూడా దొరుకుతుంది. డబ్ల్యూఎల్, అంటే వెయిటింగ్ లిస్ట్, అలా కాదు. ఇంటర్నెట్‌లో కొన్న డబ్ల్యూఎల్ టికెట్ చార్టు తయారయ్యేసరికి ఖాయం కాకపోతే తనంతట తానే రద్దయిపోతుంది. ఈ తేడా తెలియక సామానుతో సహా ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతే ఆ ప్రయాణం గతేమిటో మీరే ఊహించుకోండి.

రైలు తప్పితే మరునాడు ఇంకొకటి ఉంటుంది. మందుల చీటీ దగ్గర అలా కుదరదు. మన ఇళ్ళల్లో తాతయ్యో, నాయనమ్మో ఉంటే, డాక్టరు రాసింది చదివి చెప్పే పని తరచుగా పిల్లల మీదే పడుతుంది. చీటీలో ఉండే అక్షరాలు చాలావరకు లాటిన్‌వి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. ఏసీ అంటే భోజనానికి ముందు, పీసీ అంటే భోజనం తరువాత, హెచ్ఎస్ అంటే పడుకునేటప్పుడు. ఇప్పుడు ఇవే అక్షరాలను ఇంట్లో వేరేచోట చూడండి. నాన్నగారి జీతం కాగితంలో టీడీఎస్ అంటే జీతంలోంచి ముందే కోసుకునే ఆదాయపు పన్ను. ఆఫీసు హాజరు పట్టీలో ఓడీ అంటే ఆన్ డ్యూటీ, బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్. కళ్ళ డాక్టరు చీటీలో అయితే ఓడీ కుడికన్ను!

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఎస్ఓఎస్. సినిమాల్లో అది ఆపదలో ఉన్న ఓడ పంపే పిలుపు. ఆ పిలుపుకు పూర్తి పేరంటూ ఏమీ లేదు. మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు మోర్స్ సంకేతాల్లో సులువుగా పోల్చుకోవచ్చని 1906లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాన్ని ఒప్పుకుంది. "మా ప్రాణాలు కాపాడండి" అనే వివరణ తరువాత ఎవరో అతికించింది. మందుల చీటీలో ఎస్ఓఎస్ అంటే లాటిన్‌లో "అవసరమైతేనే" అని. నొప్పి మాత్ర పక్కన అది ఉంటే నొప్పి ఉన్నప్పుడే వేసుకోవాలి, రోజూ కాదు. ఆపద అనుకుని వెంటనే మింగించెయ్యకూడదు, గంటగంటకూ అసలే ఇవ్వకూడదు.

ఇన్సులిన్ విషయం ఇంకా సున్నితం. యూనిట్లు అనడానికి బదులు ఇంగ్లీషు 'యు' అని ఒక్క అక్షరం రాస్తే, తొందర రాతలో అది సున్నాలా కనిపిస్తుంది. 10 కాస్తా 100 అవుతుంది. పది రెట్ల మందు లోపలికి వెళితే రక్తంలో చక్కెర ప్రాణం మీదకు వచ్చేంత పడిపోతుంది. అందుకే అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని పొడి అక్షరాల జాబితా ఒకటి చేసి, అందులో ఈ 'యు'ను కూడా చేర్చింది. రోజుకొకసారి అనడానికి అక్కడ వాడే 'క్యూడీ'ని కూడా చేర్చింది. పెద్ద డాక్టర్లే పూర్తి మాట రాయమన్నారంటే, చీటీ అర్థం కాకపోతే మందుల షాపతన్ని రెండోసారి అడగడానికి మనం సిగ్గుపడాల్సింది ఏముంది?

ఆఫీసు ఈ-మెయిళ్ళలో వచ్చే ఎఫ్‌వైఐ (మీకు తెలియడం కోసం), ఏఎస్ఏపీ (వీలైనంత త్వరగా) లాంటివి వారంలో వచ్చేస్తాయి, వాటి గురించి ఎక్కువ చెప్పను. సీసీ ఒక్కటే ముచ్చటైనది. అది కార్బన్ కాపీ. టైపు మిషన్‌లో రెండు కాగితాల మధ్య పెట్టే నల్ల కాగితం మాయమైపోయినా, దాని పేరు మాత్రం ఈ-మెయిల్లో ఉండిపోయింది.

ఇక మన పేర్లలోనే ఉన్న పొడి అక్షరాలు. తెలుగువాళ్ళం ఇంటిపేరును ముందు రాసి, దాన్ని ఒక అక్షరానికి కుదిస్తాం. ఎన్.టి. రామారావులో ఎన్ నందమూరి, పి.వి. నరసింహారావులో పి పాములపర్తి. మన ఊళ్ళో ఇది అందరికీ తెలుసు. ఇక్కడ, జార్ఖండ్‌లో, ఇంటిపేరు చివర ఉంటుందనుకుంటారు. ఆ లెక్కన రామారావుగారి ఇంటిపేరు రావు అయిపోతుంది! ఒక బడిలో ఇనిషియల్‌తో, ఇంకో బడిలో పూర్తి ఇంటిపేరుతో, ఆధార్‌లో మరోలా ఉంటే, అవన్నీ ఒక్కరేనని రుజువు చేసుకోవడానికి అఫిడవిట్లు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. తొమ్మిదో తరగతిలో సీబీఎస్‌ఈ రిజిస్ట్రేషన్‌కు ఇచ్చిన పేరే పదో తరగతి సర్టిఫికెట్ మీదకు వస్తుంది. ఆ ఫారం చేతికొచ్చిన రోజు ఆధార్ కార్డూ, పాత టీసీ (ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్టే!) పక్కన పెట్టుకుని, ఇంటిపేరు ఎక్కడ రాయాలో, పూర్తిగా రాయాలో పొడి అక్షరం చాలో అమ్మానాన్నలతో మాట్లాడుకున్నాకే పెన్ను తియ్యండి.