తీగ లేని బంధం తెగితే ఉత్పత్తికి గండి

దేశంలోని కర్మాగారాలలో యంత్రాల మధ్య సాగే సమాచార ప్రసారం క్రమేణా తీగలను వీడి గాలిలోకి చేరుతోంది. గోదాములో బార్‌కోడ్ చదివే చేతి పరికరం మొదలుకొని, డ్రైవరు లేకుండానే విడిభాగాలను మోసుకెళ్లే బండి వరకు అనేకం నేడు వైర్‌లెస్ సంకేతాలపై ఆధారపడుతున్నాయి. ఇంట్లో వై-ఫై కొద్దిసేపు ఆగితే చిరాకు కలుగుతుంది. కర్మాగారంలో ఆగితే ఉత్పత్తే నిలిచిపోతుంది.

పుణే సమీపంలోని చకన్, తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు, హర్యానాలోని మానేసర్ వంటి వాహన తయారీ కేంద్రాలకు విడిభాగాలు అందించే చిన్న పరిశ్రమలకు ఇది మరింత కీలకమైన విషయం. లేబుల్ పడనిదే పెట్టె లారీ ఎక్కదు. సరుకు గడువులోగా చేరకపోతే ఆ నష్టం సరఫరాదారుదే.

ఇనుమే అవరోధం

రేడియో తరంగాలకు కర్మాగారం అనువైన చోటు కాదు. రేకుల కప్పు, ఉక్కు అరలు, భారీ ప్రెస్సులు తరంగాలను పరావర్తనం చెందిస్తాయి. ఫలితంగా ఒకే సంకేతం పలు మార్గాలలో వచ్చి తనను తానే బలహీనపరచుకుంటుంది. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం నిడివి సుమారు 12 సెంటీమీటర్లే కనుక, ఒకచోట చక్కగా అందే సంకేతం కొద్ది అంగుళాల అవతల క్షీణించవచ్చు.

మనదేశంలో ఈ పౌనఃపున్యానికి 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది. దీనితో వినియోగం విస్తరించింది, రద్దీ కూడా పెరిగింది. ఈ శ్రేణిలో పరస్పరం అడ్డుపడని చానెళ్లు సాధారణంగా మూడే. బ్లూటూత్ పరికరాలు, పక్క షెడ్డులోని వై-ఫై, క్యాంటీన్‌లోని మైక్రోవేవ్ ఓవెన్ సైతం ఇదే దారిలో నడుస్తాయి. కీలక పరికరాలను 5 గిగాహెర్ట్‌జ్ శ్రేణికి మార్చితే రద్దీ తగ్గుతుంది. అయితే దాని వ్యాప్తి తక్కువ కనుక ప్రసార కేంద్రాల సంఖ్య పెంచవలసి ఉంటుంది.

ప్రసార శక్తిని పెంచినంత మాత్రాన సమస్య తీరదు. చేతి పరికరం తిరిగి పంపే సంకేతం బలహీనంగానే ఉండిపోతుంది. సెలవు దినాన, ఖాళీ షెడ్డులో జరిపే సర్వే కూడా తప్పుదారి పట్టిస్తుంది. అరలు నిండి, క్రేన్లు కదులుతున్న వేళలోనే పరీక్షించాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే కొద్ది క్షణాల వ్యవధిలో స్విచ్చులు ఆగిపోతే, అవి తిరిగి సిద్ధం కావడానికి నిమిషాలు పట్టవచ్చు. వాటికి యూపీఎస్ అమర్చడం అల్ప వ్యయంతో అయ్యే పని. అతిథుల ఫోన్లను యంత్రాల నెట్‌వర్కుకు దూరంగా ఉంచాలి. కదలని యంత్రాలకు తీగనే కొనసాగించడం మేలు.

సొంత నెట్‌వర్కుల వైపు

సంస్థలు తమ ఆవరణకే పరిమితమైన సొంత నెట్‌వర్కులను నెలకొల్పుకొనేందుకు కేంద్ర టెలికాం శాఖ 2022 జూన్‌లో మార్గదర్శకాలు జారీ చేసింది. ఆ మరుసటి నెలలోనే బెంగళూరులోని బాష్ కర్మాగారంలో ఎయిర్‌టెల్ సంస్థ ప్రయోగాత్మకంగా 5జీ ప్రైవేటు నెట్‌వర్కును ఏర్పాటు చేసింది. అయితే ఇంతటి వ్యయాన్ని భరించగల స్తోమత చిన్న పరిశ్రమలన్నింటికీ ఉండదు.

భద్రతకు సంబంధించిన వైర్‌లెస్ నియంత్రణలలో సంకేతం తెగగానే యంత్రం ఆగిపోయేలా ఏర్పాటు ఉంటుంది. కార్మికుని ప్రాణరక్షణకు అది తప్పనిసరి. ఉత్పత్తికి పదేపదే ఆటంకం కలుగుతోందని ఆ ఏర్పాటును తొలగించే ఆలోచన ప్రమాదకరం. చక్కదిద్దవలసినది నెట్‌వర్కునే తప్ప రక్షణను కాదని యాజమాన్యాలు గుర్తించాలి.