నీళ్ళు కొనుక్కున్న ఊరు

కూపర్టినోలో మా అక్కావాళ్ళింటికి ఎవరొచ్చినా మూడో రోజుకల్లా ఫెల్టన్ చూపించాల్సిందే. రెడ్‌వుడ్ చెట్లు, రోరింగ్ క్యాంప్ ఆవిరి రైలు, పిల్లలకి ఐస్‌క్రీమ్, చీకటి పడేలోగా ఇల్లు. బే ఏరియాలో పిల్లల దగ్గరికొచ్చిన తెలుగు అమ్మానాన్నలు చాలామంది ఆ రైలు ముందు నిలబడి ఫొటో దిగినవాళ్ళే. నేనూ అలాగే వెళ్ళాను. తిరిగొచ్చాక మాత్రం బుర్రలో రైలు లేదు, నీటి బిల్లు ఉంది.

17వ నంబరు రోడ్డు మీద కొండెక్కి దిగి, స్కాట్స్ వ్యాలీ దగ్గర పక్కకి తిరిగి మౌంట్ హెర్మన్ రోడ్డు పట్టుకుంటే పది నిమిషాల్లో ఫెల్టన్. మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉంటుంది, అంత నీడ. జనాభా నాలుగున్నర వేలు. మేయరు లేడు, మునిసిపాలిటీ లేదు. మన లెక్కలో చెప్పాలంటే పంచాయతీ కూడా లేని ఊరు. బాగోగులన్నీ శాంటా క్రూజ్ కౌంటీ వాళ్ళవి. శాన్ లోరెంజో నది మీద 1892 నాటి చెక్క వంతెన ఒకటుంది. రెండు పక్కలా గోడలు, పైన కప్పు, నది మీద కట్టిన పొడుగాటి వసారాలా ఉంటుంది. ఇప్పుడు దాని మీద బళ్ళు వెళ్ళవు, మనుషులే నడుస్తారు. లోపల అడుగేస్తే పలకలు డబడబమంటాయి, సందుల్లోంచి ఎండ చారలు చారలుగా కాళ్ళ మీద పడుతుంది.

పక్కనున్న పార్కు కుళాయి దగ్గర బావగారు స్టీలు సీసా నింపుతున్నారు.

"తాగొచ్చా బావగారూ?"

"నిక్షేపంగా తాగమ్మా. ఇంట్లో మీ అక్క ఆర్వో మిషన్ లేందే తాగనివ్వదు గానీ, ఇక్కడైతే అడిగేవాళ్ళు లేరు."

చల్లగా ఉన్నాయి నీళ్ళు. ఆ కుళాయి వెనక కోర్టు దాకా వెళ్ళిన కథ ఉందని అప్పటికి నాకు తెలీదు. ఆ రాత్రి కూర్చుని చదివాను.

ఫెల్టన్‌కి నీళ్ళు ఎగువనున్న అడవిలోంచి వస్తాయి. ఫాల్ క్రీక్, బుల్ క్రీక్ అనే వాగులు, బెన్నెట్ స్ప్రింగ్ అనే ఊట. ఫాల్ క్రీక్ పక్కనే కాలిబాటలో నడిస్తే పాడుబడిన సున్నపు బట్టీలు కనిపిస్తాయి, నాచు పట్టి, రాళ్ళ మధ్య చెట్లు మొలిచి. 1870ల్లో అక్కడ సున్నపురాయి కాల్చేవారు, వంటచెరకు పక్కనున్న రెడ్‌వుడ్లే. ఒకప్పుడు కొండని సున్నం చేసి అమ్మారు, చెట్టుని కట్టెలు చేసి కాల్చారు. నీళ్ళ వంతు రావడానికి ఇంకో నూట పాతికేళ్ళు పట్టింది.

2002 దాకా ఊరి నీటి పైపులు సిటిజెన్స్ యుటిలిటీస్ అనే ప్రైవేటు కంపెనీవి. ఊరివాళ్ళకి అదేం పట్టేది కాదు. ఆ ఏడు మొదట్లో ఆ కంపెనీ అనేక రాష్ట్రాల్లోని తన నీటి వ్యవస్థలన్నిటినీ కట్టగట్టి అమెరికన్ వాటర్‌కి అమ్మేసింది. ఆ మూటలో ఫెల్టన్ ఒకటి. ఊరిని అడిగినవాళ్ళు లేరు. అమ్మేది ఊరి ఆస్తి కాదు కాబట్టి అడగాల్సిన పనీ లేదు. కొన్నాక దాని కాలిఫోర్నియా శాఖ, జనం నోట్లో క్యాల్-యామ్, మూడేళ్ళలో 74 శాతం చార్జీలు పెంచుతామని దరఖాస్తు పెట్టింది. అంతటితో ఆగకుండా ఫెల్టన్‌ని సముద్రపు అఖాతానికి అవతలనున్న మాంటరే పద్దులో కలిపేస్తామంది. 2003 జనవరిలో అమెరికన్ వాటర్‌నే జర్మనీకి చెందిన ఆర్‌డబ్ల్యూఈ అనే కరెంటు కంపెనీ కొనేసింది. అంటే రెడ్‌వుడ్ అడవిలో ఊట నీటికి యజమాని ఎసెన్ నగరంలో ఉన్నాడు. పైపు పగిలిందని ఫోన్ చేస్తే ఎత్తే కాల్ సెంటర్ ఇలినాయిస్‌లో ఉంది. ఆ ఫోన్ ఎత్తే మనిషికి ఫెల్టన్ ఎక్కడుందో వీధి పేరుతో సహా చెప్పుకోవాలి. నాకైతే 74 శాతం కన్నా ఇదే ఎక్కువ మండించి ఉంటుందనిపిస్తుంది. పెంచిన రేటుని పళ్ళు కొరుక్కుని కట్టొచ్చు, తిట్టుకోవడానికి మనిషి దొరక్కపోతేనే కష్టం.

రేట్లు నిర్ణయించేది రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్, మన విద్యుత్ నియంత్రణ మండలి లాంటిది. అడిగినంతా ఇవ్వలేదు గానీ 44 శాతం దాకా ఇచ్చింది. ఈలోగా ఊళ్ళో 'ఫ్రెండ్స్ ఆఫ్ లోకల్లీ ఓన్డ్ వాటర్' అని ఒక సంఘం పుట్టింది. పొడి అక్షరాలు కలిపితే ఫ్లో, ప్రవాహం. రేట్లు తగ్గించండి అని అర్జీలు పెట్టుకుంటూ కూర్చోకుండా, అసలు ఆ పైపులే కొనేద్దాం అన్నారు వాళ్ళు. కొనడానికి ఊరికి ప్రభుత్వం లేదు కదా, ఎగువ ఊళ్ళకి 1941 నుంచీ నీళ్ళిస్తున్న శాన్ లోరెంజో వ్యాలీ వాటర్ డిస్ట్రిక్ట్ ఉంది. బోల్డర్ క్రీక్‌లో ఆఫీసు, జనం ఓట్లతో గెలిచిన అయిదుగురు డైరెక్టర్లు. కొనేది అది. డబ్బు మాత్రం ఫెల్టన్‌వాళ్ళే తెచ్చుకోవాలి.

2005 జులైలో ఓటింగు. పేరు మెజర్ డబ్ల్యూ. ఊరి పేర కోటీ పది లక్షల డాలర్ల బాండ్లు తేవడానికి ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే ఒక్కో ఇంటి మీద ఏడాదికి సుమారు 600 డాలర్ల దాకా, 30 ఏళ్ళపాటు పన్ను. నెగ్గాలంటే మూడింట రెండొంతులు రావాలి. తన మీద తానే పన్ను వేసుకోమని అడిగితే ఏ ఊరు ఒప్పుకుంటుంది? 74.8 శాతం మంది ఒప్పుకున్నారు. కంపెనీ అడిగిన పెంపు 74, ఊరిచ్చిన జవాబు 74.8. కాకతాళీయమే, కానీ చదివినప్పుడు నవ్వొచ్చింది.

ఓటు నెగ్గినంత మాత్రాన కంపెనీ అమ్మాలని లేదు. మేం అమ్మం అంది క్యాల్-యామ్. ఇక మిగిలింది కోర్టు. మనకి భూసేకరణ అంటే రైతు గుమ్మంలో నోటీసు అంటించడం గుర్తొస్తుంది. ఇక్కడ అదే చట్టాన్ని తిప్పి పట్టుకున్నారు: ప్రజల సంస్థ కంపెనీకి నోటీసిచ్చింది. ఇందులో ఒక మెలిక ఉంది. కాలిఫోర్నియాలో మామూలు పొలమో స్థలమో అయితే 'ప్రజావసరం' అని ప్రభుత్వ సంస్థ తీర్మానం చేస్తే దాదాపు అదే చివరి మాట. కానీ నీళ్ళు, కరెంటు, గ్యాసు కంపెనీల ఆస్తి తీసుకోవాలంటే మాత్రం, ఆ అవసరం లేదని కంపెనీ కోర్టులో వాదించి తీర్మానాన్ని పడగొట్టొచ్చు. పొలం ఉన్న రైతుకి లేని రక్షణ పైపులున్న కంపెనీకి ఉందన్నమాట. ఇది ఉత్త కాగితం మీది భయం కాదు. దక్షిణ కాలిఫోర్నియాలో క్లేర్‌మాంట్ అనే ఊరు ఇలాగే కోర్టుకెళ్ళి 2016లో ఓడిపోయింది. నీళ్ళూ దక్కలేదు, కంపెనీ లాయర్ల ఖర్చులూ నెత్తిన పడ్డాయి.

ఫెల్టన్ విచారణ దాకా వెళ్ళలేదు. ఆర్‌డబ్ల్యూఈ అప్పటికే అమెరికా నీళ్ళ వ్యాపారంలోంచి బయటపడే ప్రయత్నంలో ఉంది; 2008 ఏప్రిల్‌లో అమెరికన్ వాటర్ వాటాలు మార్కెట్లో పెట్టింది. ఆ మే నెలాఖర్లో ఫెల్టన్ బేరం కుదిరింది. మొత్తం కోటీ 34 లక్షల డాలర్లు, అందులో నగదు కోటీ అయిదు లక్షలు, మిగతాది కంపెనీ అప్పుని నెత్తికెత్తుకోవడం. ఆ సెప్టెంబరుకి తాళాలు చేతికొచ్చాయి. కుళాయి కనెక్షన్లు సుమారు 1,300. భాగించి చూస్తే ఒక్కో కుళాయి పదివేల డాలర్లు దాటింది. చవక బేరం అనలేం. బిల్లు తగ్గింది, బాండు పన్ను వచ్చి చేరింది. చాలా ఇళ్ళలో ఒక జేబులోంచి తీసేది రెండో జేబులోంచి తీశారు. అయితే బేరంలో పైపులతోపాటు 250 ఎకరాల అడవి కూడా వచ్చింది, ఊటల చుట్టూ ఉన్నది.

అక్కడితో కథ సుఖాంతం అని రాసేసేదాన్నేమో, 2020 ఆగస్టు లేకపోతే. ఆ నెలలో పిడుగులు పడి శాంటా క్రూజ్ కొండలు తగలబడ్డాయి. 86 వేల ఎకరాలు, వందల ఇళ్ళు. ఫెల్టన్ ఖాళీ చేసి వెళ్ళింది గానీ మంట ఊళ్ళోకి రాలేదు. ఎగువన మాత్రం వాటర్ డిస్ట్రిక్ట్ కొండవాలు వెంట వేసిన ప్లాస్టిక్ పైపులు ఏడు మైళ్ళకి పైగా కరిగిపోయాయి. కొన్ని పేటలకి వచ్చిన హెచ్చరిక: తాగొద్దు, కాచొద్దు. మనకి నీళ్ళు పాడైతే అమ్మమ్మ నుంచి ఆరోగ్యశాఖ దాకా చెప్పేది ఒకటే, కాచి చల్లార్చి తాగమని. ఇక్కడ భయం బెంజీన్. కాస్తే అది ఆవిరై గదిలో గాలిలోకి వస్తుంది. ప్రజల చేతిలో ఉన్న పైపైనా ప్లాస్టిక్ ప్లాస్టిక్కే. ఆ తర్వాత మరమ్మతుల ఖర్చూ ఫెల్టన్‌వాళ్ళు కూడా సభ్యులైన ఆ డిస్ట్రిక్ట్‌దే.

అలాగని ప్రైవేటు చేతిలో ఉంటే మేలనీ అనలేం. అదే లోయలో బోల్డర్ క్రీక్ దగ్గర బిగ్ బేసిన్ వాటర్ అనే చిన్న ప్రైవేటు కంపెనీ ఆ మంటల్లో దెబ్బతిని మళ్ళీ లేవలేదు. 2023లో కోర్టు దాన్ని రిసీవర్ చేతిలో పెట్టింది. నాకు తోచిందేమంటే, రెండూ మంటల్లో దెబ్బతిన్నాయి. తేడా ఆ మర్నాటి నుంచి. డిస్ట్రిక్ట్ సమావేశాల్లో జనం లేచి డైరెక్టర్లని ముఖాన్నే కడిగెయ్యొచ్చు, నచ్చకపోతే ఎన్నికల్లో దించెయ్యొచ్చు. ఫెల్టన్ కుళాయికి పదివేల డాలర్లు పెట్టి కొనుక్కున్నది ప్రధానంగా ఆ హక్కునే. దానికి అంత ఖరీదు తగునా అంటే, ఇలినాయిస్‌కి ఫోన్ చేసి పాట వింటూ కూర్చున్నవాళ్ళని అడగాలి.

ఫెల్టన్‌ని తనలో కలుపుకోవాల్సిన మాంటరే ఇప్పుడు ఫెల్టన్ దారి పట్టింది. 2018 నవంబరులో అక్కడి ఓటర్లు క్యాల్-యామ్‌ని కొనేయమన్నారు, 2023 చివర్లో కోర్టులో దావా పడింది. దేశం రెండో కొసన, తెలుగువాళ్ళకి బాగా తెలిసిన న్యూజెర్సీ ఎడిసన్‌లో నీళ్ళ వ్యవస్థని 40 ఏళ్ళకి ఒక కంపెనీకి అప్పగిద్దామన్న ఆలోచనని 2019 సెప్టెంబరులో ఓటర్లే తిప్పికొట్టారు. మా ఊళ్ళో ఇలాంటి ఓటేమీ జరగలేదు. మునిసిపల్ కుళాయి అలాగే ఉంది, నీళ్ళూ వస్తాయి, గిన్నెలు తోముకుంటాం. తాగడానికి పొద్దున్నే ఆటో వచ్చి గుమ్మంలో టిన్ను దించి ఖాళీ టిన్ను పట్టుకెళ్తుంది. ఎప్పుడు మారాం అంటే ఇంట్లో ఎవరికీ ఏడాది గుర్తులేదు.

ఇదంతా మర్నాటి రాత్రి భోజనాల దగ్గర చెబుతుంటే బావగారు మధ్యలో ఆపి, "మరి మన నీళ్ళెవరివి?" అన్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నారు. ఫోన్లో బిల్లు తీస్తే పైన శాన్ హోజే వాటర్ అని ఉంది. ఇంకాస్త వెతికితే తేలిందేమంటే, కూపర్టినోలో కొన్ని పేటలకి నీళ్ళిచ్చే పైపులు అచ్చంగా నగరానివే. 1997లో 68 లక్షల డాలర్లు ముందుగా పుచ్చుకుని ఆ కంపెనీకి కౌలుకిచ్చారు. పక్క వీధుల్లో అదే కంపెనీ సొంత పైపులు. ఇంకొన్ని వీధుల్లో మరో కంపెనీ. బిల్లు చూస్తే కౌలుదారో సొంతదారో తెలీదు.

"మన వీధి కౌలులోదా, కాదా?" అంది అక్క, ఆర్వో నీళ్ళు గ్లాసులో పోస్తూ.

నేను పడుకోబోయేసరికి పదకొండు దాటింది. బావగారు ఇంకా సోఫాలో, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఫోన్లో మ్యాపుని రెండు వేళ్ళతో పెద్దది చేస్తూ వాళ్ళ వీధి కోసం వెతుకుతున్నారు.