మాయారాజ్యంలో మన పలుకు

లేని రాజ్యాలను కల్పించి, వాటిని పాత ఐరోపాలో నిలిపి, పాటలతో నవ్వించడం ఒకనాటి హాలీవుడ్‌కు వెన్నతో పెట్టిన విద్య. 1934లో వచ్చిన ‘ది మెర్రీ విడో’ అటువంటి చిత్రమే. 1905లో వియన్నా రంగస్థలమెక్కిన ఫ్రాంజ్ లెహార్ సంగీత నాటకం దానికి మూలం. మార్షోవియా అనే చిన్న రాజ్యంలోని సంపన్న వితంతువు పారిస్‌కు తరలిపోతుంది. ఆమె ధనం లేనిదే ఖజానా నిలువదు. ఆమె మనసు గెలిచి తీసుకురమ్మని రాజు డానిలో అనే సైనికాధికారిని పంపుతాడు. దర్శకుడు లూబిచ్ బెర్లిన్‌లో పుట్టినవాడు. డానిలోగా నటించిన మారిస్ షెవాలియే పారిస్ వాడు. ఇంగ్లీషులో నటించినా అతడు తన ఫ్రెంచి యాసను దాచుకోలేదు. ఆ యాసే పాత్రకు అందమయినది.

మనకూ అటువంటి మాయారాజ్యం ఒకటి ఉన్నది. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా వారు నిర్మించిన ‘మాయాబజార్’ అది. అందులో రాక్షసులకు పాఠం చెప్పే గురువు చిన్నమయ్య. ఆ పాత్రధారి రమణారెడ్డి 1921లో నెల్లూరు జిల్లా జగదేవిపేటలో జన్మించాడు. ఎన్ని చిత్రాలలో నటించినా ఆయన మాటలో నెల్లూరు పరిమళం తొలగిపోలేదు.

చిన్నమయ్య బడిని ఉపాధ్యాయులు ఒక్కసారి తలచుకోవాలి. శిష్యునికి ‘దుష్టచతుష్టయం’ నోరు తిరగదు. అస్మదీయులను అసమదీయులంటాడు, పరాయివారికి తసమదీయులని పేరు పెడతాడు. గురువు నొచ్చుకుంటాడు. ఘటోత్కచుడు మాత్రం కొత్త మాట పుట్టించినందుకు శిష్యునికి వీరతాడు వేయిస్తాడు. రచయిత పింగళి నాగేంద్రరావు హాస్యం వెనుక దాచిన భాషాశాస్త్రం అది.

ముత్తుకూరు తీరాన బడికి వెళ్ళే బాలుడు ‘మా నాయన ఇంట్లో ఉండాడు’ అంటే తరగతి నవ్వవచ్చు. ఆ నవ్వుకు జంకి, మరునాటి నుండి ఆ బాలుడు నోరు విప్పడం మానవచ్చు. కాని ‘ఉండు’ అనే ధాతువులోని డకారాన్ని ‘ఉన్నాడు’ పోగొట్టుకున్నది, ‘ఉండాడు’ నిలుపుకున్నది. పుస్తకంలో ‘ఉన్నాడు’ అని వ్రాయించడం గురువు ధర్మం. తరగతిని నవ్వనీయకపోవడం అంతకంటె పెద్ద ధర్మం.

తెరమీద యాసకు చప్పట్లు కొట్టి, తరగతిలో దానిని తలవంచుకొనేటట్లు చేయడం న్యాయం కాదు.