దూరం దూకాలంటే ఎత్తుకు ఎగరాలా?

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. అక్కడైనా, మీ బడి మైదానంలోనైనా లాంగ్‌జంప్ నేర్చుకునేవాళ్లు మొదట సరిచేసుకోవాల్సింది పరుగే.

ఎందుకు? 45 డిగ్రీల కోణంలో విసిరిన బంతి ఎక్కువ దూరం పోతుందంటారు. మరి మనమూ అలాగే ఎగరొచ్చుగా? కుదరదు. అంత నిటారుగా లేవాలంటే పరుగు వేగం బాగా తగ్గించుకోవాలి. అందుకే మేటి ఆటగాళ్లు సుమారు 20 డిగ్రీల కోణంలోనే లేస్తారు. పాదం టేకాఫ్ పలక మీద ఆనేది సెకనులో దాదాపు ఎనిమిదో వంతు. ఆ కాసింతలోనే వేగం పోకుండా పైకి లేవాలి. ఎంత అబ్బురమైన విద్యో చూడండి! 1991లో టోక్యోలో మైక్ పావెల్ ఇలాగే 8.95 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు సృష్టించాడు.

ఇందులో ఓ కిటుకుంది. చివరి నుంచి రెండో అడుగు కాస్త పెద్దగా, ఆఖరిది చిన్నగా వెయ్యాలి. పెద్ద అడుగుతో నడుము కొద్దిగా దిగుతుంది, అక్కడి నుంచి లేవడం సులువు. మొదట్లో చిన్న పరుగుతోనే సాధన చెయ్యండి. పలక కోసం తల వంచకండి.

దిగేటప్పుడు చెయ్యి వెనక ఆనిందా? పలకకు దగ్గరగా పడిన గుర్తు నుంచే కొలుస్తారు, దూరం తగ్గిపోతుంది. మడమలు తాకగానే మోకాళ్లు మడిచి నడుమును ముందుకు తొయ్యండి. అన్నట్టు, దూకే ముందు ఇసుకను పారతో గుల్ల చెయ్యాలి. గట్టి నేల మీద పడితే చీలమండ బెణకొచ్చు.