కరెంటుతో గాలిని ఎరువుగా మార్చగలమా?

వేరుశనగ మొక్కను మెల్లగా పీకి చూస్తే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో కాపురముండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మామూలు వేడిలో, మామూలు పీడనంలో అమోనియాగా మారుస్తుంది. అదే పనికి ఫ్యాక్టరీలో 400 డిగ్రీలకు పైగా వేడి, మామూలు గాలి పీడనానికి వంద రెట్లు మించిన పీడనం కావాలి. 1913లో జర్మనీలోని ఒప్పావులో మొదలైన హేబర్-బాష్ పద్ధతి అది. రామగుండం ఫ్యాక్టరీలో తయారయ్యే యూరియా ఎరువుకూ అదే ఆధారం. అందులో హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీస్తారు గనుక కార్బన్ డయాక్సైడ్ తప్పదు.

మరి నీటి నుంచి హైడ్రోజన్, గాలి నుంచి నత్రజని తీసుకుని కరెంటుతో కలపలేమా?

కలపవచ్చు, కానీ చాలా కష్టం. నత్రజని అణువులో రెండు పరమాణువులను మూడు బంధాలు పట్టి ఉంచుతాయి. పైగా అది నీళ్లలో సరిగా కరగదు. ఎలక్ట్రోడ్ చుట్టూ ఉన్నదంతా నీరే కాబట్టి, మనం పంపిన ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం హైడ్రోజన్ వాయువు తయారీకే పోతుంది. మంచి ఉత్ప్రేరకం నత్రజనిని పట్టుకోవాలి, హైడ్రోజన్‌కు మాత్రం అంతగా చోటివ్వకూడదు.

లోహపు నానోగుచ్ఛాలపై, అంటే లెక్కపెట్టగలిగినన్ని పరమాణువుల చిన్న ముద్దలపై, ఆశ ఇక్కడే. 25 బంగారు పరమాణువులు, వాటి చుట్టూ గంధకం ఉన్న 18 అణువులు: ఇది బాగా పరిచయమైన ఒక గుచ్ఛం. మధ్యలో 13 పరమాణువుల గుండె, పైన 12. మామూలు లోహపు పొడిలో ఒక్కో రేణువుది ఒక్కో సైజు. ఇక్కడ ప్రతి గుచ్ఛమూ ఒకే అచ్చు. అందుకే ఏ పరమాణువు ఏ పని చేస్తోందో వెతకడం తేలిక. నా దృష్టిలో దీని అసలు విలువ అదే. బంగారం హైడ్రోజన్‌ను గట్టిగా పట్టదు, అది లాభం. నత్రజనినీ గట్టిగా పట్టదు, అది లోటు. ఆ లోటు తీర్చడానికి మాలిబ్డినం వంటి లోహాన్ని జతచేసి చూస్తున్నారు. ఆ లోహం తన ఎలక్ట్రాన్లను నత్రజనిలోకి నెడితే బంధం సడలుతుంది, హైడ్రోజన్లు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. బుడిపెల్లోని ఎంజైములోనూ ఇనుముతో పాటు మాలిబ్డినం ఉంటుంది.

వచ్చిన అమోనియా నిజంగా గాలిదేనని ఎలా తెలుస్తుంది?

ఇది తేలిగ్గా తీసుకోకూడని ప్రశ్న. తయారయ్యేది మైక్రోగ్రాముల్లోనే. చేతి తొడుగుల నుంచో, ఊపిరి నుంచో, ఉత్ప్రేరకంలో మిగిలిన నైట్రేట్ నుంచో అంతకంటే ఎక్కువే రావచ్చు. అందుకే నత్రజని బదులు ఆర్గాన్ పంపి ఒకసారి చూస్తారు; అప్పుడూ అమోనియా కనిపిస్తే అది గాలిది కాదన్నమాట. తర్వాత శుద్ధి చేసిన నత్రజని-15 (మామూలు దానికంటే బరువైన నత్రజని) వాయువు పంపి, అమోనియాలోనూ ఆ బరువైన నత్రజనే, అదే మోతాదులో దొరికిందా అని కొలుస్తారు. దొరక్కపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టాల్సిందే.