శునకాల ప్రవర్తనా సమస్యలకు ఔషధమే పరిష్కారమా?

సారాంశం

పెంపుడు కుక్కలలో భయం, ఎడబాటు కలవరం, దూకుడు వంటి సమస్యలకు మనోసంబంధ ఔషధాలను వాడే పద్ధతి గత పాతికేళ్లలో స్థిరపడింది. ఈ ఔషధాలు ఎప్పుడు మేలు చేస్తాయి, ఎప్పుడు అసలు కారణాన్ని మరుగుపరుస్తాయి, విస్తరణ శాస్త్రవేత్త తన పరిధిలో రైతుకు ఏమి చెప్పవచ్చు అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

క్షేత్ర సందర్శనకు వెళ్లిన శాస్త్రవేత్తను రైతు పంట గురించే అడుగుతాడన్న నియమం లేదు. మోటారు షెడ్డు దగ్గర కట్టిన కుక్క కూలీల మీద పడుతోందనీ, కోళ్ల ఫారం కాపలా కుక్క తెల్లవార్లూ మొరుగుతోందనీ, దీపావళి మోతకు గొలుసు తెంచుకు పోయిన కుక్క తిరిగి వచ్చినా తిండి ముట్టడం లేదనీ చెప్పి, చివరకు ‘దీనికేదైనా మందుంటే చెప్పండి సార్’ అంటాడు. పశువైద్యుడు అందుబాటులో లేని చోట ఈ ప్రశ్న మన ముందుకే వస్తుంది.

సస్యశాస్త్రంలో పనిచేసేవారికి ఈ ప్రశ్న స్వరూపం కొత్తది కాదు. వరిలో ఆకు పసుపుబారడానికి నత్రజని లోపం, జింకు లోపం, గంధకం లోపం, మురుగునీరు నిలవడం, టుంగ్రో వైరస్ వంటి కారణాలలో ఏదైనా ఉండవచ్చు. టుంగ్రో సోకిన మడిలో యూరియా చల్లితే వైరస్ పోదు; దానిని వ్యాపింపజేసే పచ్చదీపపు పురుగుకు మాత్రం అనుకూలత పెరుగుతుంది. లక్షణం ఒకటే అయినా కారణాన్ని బట్టి చికిత్స మారుతుంది. కుక్క కరవడం, అరవడం, వణకడం కూడా లక్షణాలే గాని రోగనిర్ధారణలు కావు. ఈ ఒక్క విషయం స్పష్టమైతే ఔషధం గురించిన చర్చ సరైన దారిలో సాగుతుంది.

సమస్య కుక్కదా, పెంపక విధానానిదా?

మొరగడం, తవ్వడం, కొరకడం, కదిలేదాన్ని వెంటాడడం కుక్క జాతికి సహజమైన పనులు. వీటిలో కొన్నింటి కోసమే మనిషి తరతరాలుగా కుక్కలను ఎంపిక చేసి పెంచాడు. కొల్లేరు పరిసరాలలో బాతుల మందలను కాసిన జోనంగి, దక్కను పీఠభూమిలో గొర్రెల మందల వెంట రోజంతా నడిచే కాపరి కుక్క ఇందుకు ఉదాహరణలు. అటువంటి జంతువును రెండు మూరల గొలుసుతో రేయింబవళ్లు ఒకే గుంజకు కట్టివేస్తే, దాని శక్తికి మొరగడం, గుండ్రంగా తిరగడం, దగ్గరకు వచ్చినవారి మీదికి ఉరకడం తప్ప వేరే మార్గం ఉండదు. పారిపోయే వీలు లేని జంతువు భయపడినప్పుడు ఎదురుతిరగడం కూడా సహజమే. ఇక్కడ మాత్ర వేయడమంటే ఇరుకును అలాగే ఉంచి, దానిని భరించే స్పృహను తగ్గించడమే. సమంజసం కానంత పొట్టి లేదా బరువైన గొలుసుతో ఎక్కువకాలం కట్టి ఉంచడాన్ని, కట్టివేసి పెంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్ని 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షను నేరాలుగా పరిగణిస్తుందని రైతుకు తెలియజేయడం అవసరం.

రెండవ మూలం కుక్కపిల్ల వయసులో ఉంటుంది. సుమారు 3వ వారం నుండి 12-14 వారాల వరకు కుక్కపిల్ల తన చుట్టూ ఉన్న మనుషులను, జంతువులను, శబ్దాలను సాధారణమైనవిగా గుర్తించడం నేర్చుకుంటుంది. అమెరికాలోని బార్ హార్బర్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ సుదీర్ఘకాలం జరిపి 1965లో గ్రంథరూపంలో వెలువరించిన పరిశోధన ఈ కీలక దశను విశదం చేసింది. ఈ కాలంలో తల్లి నుండి తొందరగా వేరైన పిల్ల, లేదా ఒకే షెడ్డులో మనుషులకు దూరంగా పెరిగిన పిల్ల, పెద్దయ్యాక కొత్తవారిని చూసి భయపడే అవకాశం ఎక్కువ. ఎనిమిది వారాల లోపు పిల్లలను అమ్మరాదని మన దేశంలో 2017 నాటి శునక సంతానోత్పత్తి, విక్రయ నియమాలు చెప్పడానికి శాస్త్రీయమైన ఆధారం ఇదే.

మొదట తొలగించవలసిన అనుమానాలు

ప్రవర్తన అకస్మాత్తుగా మారినప్పుడు మన దేశంలో మొట్టమొదట తలచవలసినది రేబిస్. కారణం లేకుండా కరవడం, చీకటి మూలల్లో దాగడం, గొంతు మారడం, మింగలేకపోవడం, చొంగ కారడం, కింది దవడ వేలాడడం కనిపిస్తే అది శిక్షణకో మాత్రకో సంబంధించిన విషయం కాదు. గొంతులో ఎముక ఇరుక్కుందనుకొని నోట్లో చేయి పెట్టడం ప్రాణాంతకం. కుక్కను ఎవరూ తాకకుండా వేరుచేసి పశువైద్యశాలకు తెలియజేయాలి. కరిచిన గాయాన్ని సబ్బు, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. కరిచిన కుక్కను 10 రోజులు పరిశీలనలో ఉంచడం టీకాకు అదనమే తప్ప టీకాను వాయిదా వేయడానికి కారణం కాదు. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్‌కు చికిత్స లేదు. ఇటువంటి కుక్కకు మత్తుమాత్ర ఇచ్చి ‘నెమ్మదించింది’ అనుకున్న ఇంట్లో పసిపిల్లలు కూడా ఉంటారని మరువరాదు.

రెండవది నొప్పి. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, సహ పరిశోధకులు 2020లో ప్రచురించిన సమీక్షలో, తమ వద్దకు వచ్చిన ప్రవర్తనా సమస్యలలో తక్కువలో తక్కువ మూడవ వంతుకు ఏదో ఒక నొప్పితో సంబంధం ఉన్నదనీ, కొన్ని సందర్భాలలో ఈ నిష్పత్తి 80 శాతానికి చేరువగా ఉండవచ్చనీ అంచనా వేశారు. తుంటి కీలు అరుగుదల, చెవిపోటు, పుచ్చిన పన్ను, పాదంలో విరిగిన ముల్లు ఉన్న కుక్క తనను తాకబోయిన చేతిని కరుస్తుంది. దానికి కావలసినది నొప్పి నివారణ. మూడవది వయసు. ముసలి కుక్క రాత్రివేళ దిక్కుతోచక తిరగడం, ఇంటివారిని గుర్తించకపోవడం మెదడు క్షీణత వల్ల, చూపు లేదా వినికిడి మందగించడం వల్ల కావచ్చు.

ఔషధాలు ఏమి చేస్తాయి?

ఈ ఔషధాలను స్థూలంగా రెండు తరగతులుగా చూడవచ్చు. మొదటి తరగతిలో రోజూ ఇచ్చేవి ఉన్నాయి. ఫ్లూఆక్సెటిన్, క్లోమిప్రమిన్ మెదడులోని నాడీకణాల సంధిలో సెరటోనిన్ తిరిగి పీల్చబడకుండా అడ్డుకొని, అది ఎక్కువసేపు పనిచేసేలా చేస్తాయి. ఎడబాటు కలవరానికి అమెరికా ఆహార, ఔషధ పాలనా సంస్థ క్లోమిప్రమిన్‌ను 1998లోను, ఫ్లూఆక్సెటిన్‌ను 2007లోను కుక్కలకు అనుమతించింది. రెండింటినీ ప్రవర్తనా శిక్షణతో కలిపి వాడాలన్నదే ఆ అనుమతి సారం. పూర్తి ఫలితం కనిపించడానికి సాధారణంగా 4-6 వారాలు పడుతుంది. అందువల్ల దీపావళి ముందురోజు ఈ మాత్ర మొదలుపెట్టడం నిరర్థకం. ఆకలి తగ్గడం, మందకొడితనం, వాంతులు ఎక్కువగా కనిపించే దుష్ఫలితాలు. మూర్ఛ చరిత్ర ఉన్న కుక్కలకు ఇవి తగవు.

రెండవ తరగతి అవసరమైన వేళకు మాత్రమే ఇచ్చేవి. ట్రజడోన్, గాబాపెంటిన్, శబ్దభయం కోసం యూరప్‌లో 2015లో అనుమతి పొందిన డెక్స్‌మెడిటోమిడిన్ జెల్ ఈ కోవలోనివి. మోత మొదలయ్యే ముందే ఇస్తే ఇవి ఉపయోగపడతాయి. దీర్ఘకాలంగా వాడుకలో ఉన్న ఏసిప్రోమజిన్ విషయంలో జాగ్రత్త అవసరం. అది శరీరాన్ని కదలనివ్వదు గాని భయాన్ని తగ్గించదు. దానిని ఒంటరిగా ఇచ్చినప్పుడు కుక్క ప్రశాంతంగా పడుకున్నట్లు యజమానికి తోచినా, పారిపోలేని స్థితిలో అదే భయాన్ని అనుభవిస్తూ ఉండవచ్చు.

అదుపు మడి చెప్పే పాఠం

ఏ ఎరువు పనిచేసిందో తెలియడానికి మనం ఎరువు వేయని అదుపు మడిని పక్కనే ఉంచుతాము. ఫ్లూఆక్సెటిన్‌పై 2007లో ప్రచురితమైన ఒక ప్రయోగాన్ని ఆ దృష్టితో పరిశీలించడం విద్యార్థులకు ఉపయోగకరం. ఎడబాటు కలవరంతో బాధపడే 242 కుక్కలను రెండు వర్గాలుగా చేసి, ఇరువర్గాలకూ ప్రవర్తనా శిక్షణ ఇచ్చారు. ఒక వర్గానికి అదనంగా ఫ్లూఆక్సెటిన్, రెండవ వర్గానికి ఔషధం లేని నమూనా మాత్ర ఇచ్చారు. మొదటి వారం చివర 42 శాతం, 18 శాతం. ఎనిమిది వారాల చివర 72 శాతం, 50 శాతం కుక్కలలో మెరుగుదల నమోదైంది.

ఈ అంకెలను రెండు విధాలుగా చదవాలి. ఔషధం నిష్ఫలం కాదు: 22 శాతం అదనపు మెరుగుదల అంటే నాలుగైదు కుక్కలకు ఔషధం జోడిస్తే, శిక్షణ ఒక్కటే ఇచ్చినప్పటికంటే ఒక కుక్క అదనంగా బాగుపడుతుందని అర్థం. మొదటి వారంలోనే తేడా కనిపించడం కూడా ముఖ్యమైనదే. విసిగిపోయిన యజమాని కుక్కను వదిలించుకునే నిర్ణయం తరచుగా ఆ తొలి రోజులలోనే తీసుకుంటాడు. అయితే ఔషధం లేని వర్గంలో సైతం సగం కుక్కలు మెరుగయ్యాయి. ఈ సగంలో శిక్షణ వాటా ఎంత, కాలక్రమంలో దానంతట అదే తగ్గినది ఎంత, యజమాని ఆశాభావం ఎంత అన్నది ఈ ప్రయోగం విడదీయలేదు. అందుకు శిక్షణ కూడా ఇవ్వని మూడవ వర్గం కావాలి. శిక్షణ లేకుండా మాత్ర ఒక్కటే ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్నకూ ఇందులో సమాధానం లేదు. కాబట్టి ‘72 శాతం మాత్రతో నయమవుతుంది’ అని ఈ ఫలితాన్ని చెప్పడం తప్పు.

ఎప్పుడు అవసరం, ఎప్పుడు కాదు?

తీవ్ర భయంలో ఉన్న జంతువు నేర్చుకోలేదు. తలుపు గీకి గోళ్లు ఊడబెరుక్కునే కుక్కకు, ఉరుము వినగానే గోడలు దూకి గాయపడే కుక్కకు శిక్షణ మొదలుపెట్టగల స్థితి కల్పించడానికి ఔషధం అవసరమే. అక్కడ దానిని నిరాకరించడం జంతువును హింసించడమే అవుతుంది. ‘మందులు అలవాటవుతాయి’ అన్న భయంతో ఇటువంటి కుక్కను నెలల తరబడి బాధపెట్టరాదు. తగిన వ్యాయామం లేకపోవడం, ఒంటరితనం, శిక్షణ లోపం, జాతి సహజ లక్షణం కారణమైనప్పుడు ఔషధానికి పాత్ర లేదు.

దూకుడు విషయంలో మరింత నిగ్రహం కావాలి. కుక్కల దూకుడుకు ప్రత్యేకంగా అమెరికాలో అనుమతి పొందిన ఔషధమేదీ లేదు. ఆల్ప్రజోలామ్ వంటివి కొన్ని కుక్కలలో భయంతో పాటు సంకోచాన్ని కూడా తొలగించి, అంతవరకు గుర్రుమని ఆగిన కుక్కను కరిచేలా చేయవచ్చు. ఇంట్లో ఎవరికో వ్రాసిన నిద్రమాత్రను సగం విరిచి పెట్టే అలవాటు ఇందువల్ల ప్రమాదకరం. మనుషులకు తయారుచేసిన కొన్ని గాబాపెంటిన్ ద్రవ ఔషధాలలో ఉండే జైలిటాల్ కుక్కకు విషం.

వ్యవసాయ కుటుంబాలకు ప్రత్యేకంగా వర్తించే హెచ్చరిక మరొకటి ఉంది. పశువుల మీద, కుక్కల మీద పిడుదుల నివారణకు వాడే అమిట్రాజ్, మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును కూడా నిరోధిస్తుంది. ఫ్లూఆక్సెటిన్ లేదా క్లోమిప్రమిన్ తీసుకుంటున్న కుక్కకు అమిట్రాజ్ పూస్తే సెరటోనిన్ ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు. అమిట్రాజ్ ఆపిన తరువాత కనీసం 14 రోజులు గడిచాకనే ఫ్లూఆక్సెటిన్ మొదలుపెట్టాలి. ఫ్లూఆక్సెటిన్ ఆపిన తరువాత అమిట్రాజ్‌కు 6 వారాల విరామం కావాలి. పశువుల కొట్టంలో ఏ మందు పిచికారీ చేశారో పశువైద్యునికి చెప్పమని రైతుకు గుర్తుచేయడం మన పరిధిలోని పనే.

ప్రవర్తనా శిక్షణ అంటే ఏమిటి?

పావ్‌లోవ్ కుక్కలపై జరిపిన ప్రయోగాల నుండి తెలిసిన సూత్రమే దీనికి పునాది: రెండు అనుభవాలు పదేపదే జంటగా వస్తే ఒకటి రెండవదానికి సంకేతమవుతుంది. కూలీలను చూసి మీదపడే కుక్కకు, అది చలించనంత దూరంలో మనిషి కనిపించినప్పుడల్లా ఇష్టమైన ఆహారం పెట్టాలి. మనిషి మరుగవగానే ఆహారం ఆపాలి. కుక్క నెమ్మదిగా ఉన్నంతవరకు రోజురోజుకు దూరం తగ్గించాలి. బిగుసుకుంటే తిరిగి దూరం పెంచాలి. వారాలు పట్టే ఈ పనికి ఓపికే ప్రధాన పెట్టుబడి. ఈలోగా కుక్కను దారికి దూరంగా, నీడలో, కంచె లోపల ఉంచి, మరొక కాటు పడకుండా చూడడం యజమాని బాధ్యత.

కొట్టడం ఎదురు ఫలితమిస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన సర్వేలో, కుక్కను కొట్టిన లేదా తన్నిన యజమానులలో 43 శాతం మంది అది తిరిగి దూకుడు చూపిందని తెలిపారు. గుర్రుమన్నందుకు దెబ్బ తిన్న కుక్క గుర్రుమనడం మానుతుందే గాని భయపడడం మానదు. తరువాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

రైతు మందు అడిగినప్పుడు ముందుగా ఈ వివరాలు సేకరించాలి: మార్పు ఎప్పటి నుండి, హఠాత్తుగానా క్రమంగానా, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, కుక్క వయసు, తిండి, నడకలో మార్పు, రోజులో ఎన్ని గంటలు కట్టి ఉంటుంది, ఏ సందర్భంలో, ఎవరిపై, ఎంత దూరంలో దూకుడు చూపుతుంది, ఇటీవల ఏ మందులు, పిడుదుల నివారిణులు వాడారు. వీలైతే రెండు వారాలపాటు ప్రతి సంఘటననూ తేదీ, సమయంతో వ్రాయించాలి. మార్పు హఠాత్తుగా వచ్చినా, ఎవరినైనా కరిచినా ఈ రెండు వారాలు ఆగకుండా వెంటనే పశువైద్యునికి అప్పగించాలి. రెండు రాష్ట్రాలలోనూ సంచార పశువైద్య సేవల కోసం 1962 నంబరు ఉంది.

ఔషధం పేరు, మోతాదు చెప్పడం నమోదైన పశువైద్యుని పని. దానిని మనం చేపట్టరాదు. అయితే ఆ కుక్కకు నీడ, పొడవైన తాడు, ఉదయం సాయంత్రం నడక, టీకా కార్డు ఉన్నాయో లేదో చూడగలిగిన స్థితిలో ఉన్నది మాత్రం పొలానికి వెళ్లిన మనమే. పశువైద్యుడు మాత్ర వ్రాసిన సందర్భంలోనూ ఈ ఏర్పాట్లు కొనసాగుతున్నాయని తదుపరి సందర్శనలో సరిచూసి, యజమాని వ్రాసిన నమోదులతో పోల్చి, మార్పు ఉన్నదీ లేనిదీ వైద్యునికి తెలియజేయడం విస్తరణ సేవలో భాగంగా చేయదగిన పని.